గేర్‌బాక్సు కథ: పాత ట్రాక్టరు ఎంపిక

ట్రాక్టరు బలం ఇంజనులో పుట్టినా మట్టిని చేరేది గేర్‌బాక్సు ద్వారానే. డీజిల్ ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లకు అటూ ఇటూగా తిరిగితేనే నిండుగా పనిచేస్తుంది. పొలం అడిగే వేగాలకు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. రోటావేటరుకు గంటకు రెండు మూడు కిలోమీటర్లు చాలు, నాగలికి నాలుగైదు కావాలి, ధాన్యం బస్తాల ట్రక్కుతో రోడ్డెక్కితే పాతిక. ఈ తేడాను సర్దడానికి నూరేళ్లుగా ఇంజనీర్లు చేసిన ప్రయత్నాలన్నీ ఇప్పటికీ పాత ట్రాక్టర్ల సంతలో పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే కొనేవాళ్లకు ఆ చరిత్ర తెలిసి ఉండటం ఎంతో అవసరం.

1917లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఫోర్డ్‌సన్‌కు ముందుకు మూడు గేర్లు, వెనక్కు ఒకటి. ఆ తర్వాత గేర్ల సంఖ్యతో పాటు అవి కలిసే తీరు కూడా మారుతూ వచ్చింది. స్లైడింగ్ మెష్‌లో ఒక పళ్లచక్రం ఇరుసు మీద జరిగి రెండోదానితో కలుస్తుంది. కట్టడం తేలిక, బాగుచేయడం ఇంకా తేలిక. కానీ బండి పూర్తిగా ఆగకముందే గేరు మారిస్తే పళ్ల అంచులు చిట్లుతాయి. కాన్‌స్టాంట్ మెష్‌లో చక్రాలు ఎప్పుడూ కలిసే ఉంటాయి, జరిగేది వాటిని ఇరుసుకు బిగించే కాలరు మాత్రమే. కాబట్టి దెబ్బ తగిలేది కాలరుకు, పళ్లు ఎక్కువ కాలం మన్నుతాయి. 1928లో కాడిలాక్ కార్లతో వచ్చిన సింక్రోమెష్ మరో అడుగు ముందుకు వేసింది. అందులో ఒక శంకువు ఆకారపు రింగు రాపిడితో రెండు వేగాలను ముందే సమం చేస్తుంది. కదులుతుండగానే గేరు మార్చవచ్చు గనుక రోడ్డు మీద ట్రక్కు లాగేవారికి ఇది మేలు.

గేర్ల కన్నా పెద్ద ఇబ్బంది, ఇంజను బలాన్ని వెనక పనిముట్టుకు అందించే పీటీఓ దగ్గర వచ్చింది. తొలి ట్రాక్టర్లలో క్లచ్చు తొక్కితే బండితో పాటు వెనకున్న పనిముట్టు కూడా ఆగిపోయేది. కోత యంత్రంలో గడ్డి ఇరుక్కున్నప్పుడు బండిని నిలిపి యంత్రాన్ని మాత్రం తిప్పుదామంటే కుదిరేది కాదు. 1946లో కెనడా కంపెనీ కాక్‌షట్ తన 30 మోడల్‌లో పీటీఓకు వేరే క్లచ్చు పెట్టి దారి చూపింది. ఈనాటి డ్యూయల్ క్లచ్చు ఆ ఆలోచనకు వారసురాలే. పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీఓ ఆగుతుంది. రోటావేటరు, గడ్డికట్టలు కట్టే బేలరు వాడేవారు సింగిల్ క్లచ్చు ట్రాక్టరు ఎంత చవకగా వచ్చినా కొనకపోవడమే మంచిది.

క్లచ్చు తొక్కకుండానే వేగం తగ్గించాలన్న కోరిక అమెరికాలో 1950లలో బలపడింది. 1954లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ‘టార్క్ యాంప్లిఫయర్’ తెచ్చింది. గట్టి నేల తగిలినప్పుడు ఒక లీవరు లాగితే వేగం మూడో వంతు దాకా తగ్గి, లాగే బలం పెరుగుతుంది. అయితే ఆ స్థితిలో పల్లం దిగేటప్పుడు ఇంజను బండిని పట్టి ఉంచదు. ఈ సంగతి తెలియని కొత్త యజమానికి అది ప్రాణాపాయం. 1959లో పది గేర్లతో వచ్చిన ఫోర్డ్ సెలెక్ట్-ఓ-స్పీడ్‌కు మొదటి ఏళ్లలో మరమ్మతుల బెడద తప్పలేదు. 1960లలో జాన్ డీర్ 4020 మీద వచ్చిన ఎనిమిది గేర్ల పవర్‌షిఫ్ట్ మాత్రం నిలదొక్కుకుంది. ఇక హైడ్రోస్టాటిక్‌లో వేగాన్ని నూనె ఒత్తిడే నడిపిస్తుంది. లోడరుతో మాటిమాటికీ ముందుకూ వెనక్కూ కదిలే పనికి ఇంతకన్నా హాయైనది లేదు. కాకపోతే గేర్లతో పోలిస్తే ఎక్కువ శక్తి వేడిగా పోతుంది కనుక రోజంతా దున్నడానికి తగదు. 1990ల మధ్యలో జర్మనీ కంపెనీ ఫెంట్ తన వేరియోలో నూనెనూ గేర్లనూ జతచేసి, మెట్లు లేని వేగాన్ని పెద్ద ట్రాక్టర్లకు ఇచ్చింది. ఇవన్నీ గొప్ప యంత్రాలే. అయితే దగ్గరలో వాటిని విప్పగల మెకానిక్ లేకపోతే మరమ్మతు ఖర్చు బండి ధరను కూడా దాటిపోవచ్చు.

భారతదేశం సాదా గేర్లతోనే సాగింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్, 1960లలో మద్రాసులో టాఫే, బొంబాయిలో మహీంద్రా, 1974లో పంజాబ్‌లో స్వరాజ్ ట్రాక్టర్లు తయారవడం మొదలైంది. నాలుగు గేర్లూ ఒక రివర్సూ, వాటిని రెట్టించే హై-లో లీవరు, వెరసి ముందుకు ఎనిమిది, వెనక్కు రెండు. ఇప్పటికీ పాత బండ్లలో ఎక్కువగా కనిపించే అమరిక ఇదే. మెట్టపొలానికీ తోలకానికీ ఇది సరిపోతుంది.

తెలుగు జిల్లాల్లో పాత ట్రాక్టరు కొనేవారు ముందు అడగవలసింది అది దమ్ములో ఎన్ని సీజన్లు తిరిగిందని. కేజ్ వీల్స్‌తో ఇరుసు దాకా బురదలో దిగిన బండికి వెనక ఇరుసు సీళ్లు అరిగి, నీరూ ఒండ్రూ లోపలికి చేరతాయి. చాలా మోడళ్లలో గేర్లకూ హైడ్రాలిక్ లిఫ్టుకూ నూనె ఒక్కటే కావడంతో ఆ బురద లిఫ్టు పంపునూ తినేస్తుంది. కొత్త రంగు దీన్ని దాచలేదు. డిప్ స్టిక్ తీసినప్పుడు పాలు కలిసినట్టున్న నూనె కనబడితే నీరు చేరినట్టే. అడుగు ప్లగ్గు విప్పితే సన్నని ఇనుప రజను కొద్దిగా ఉండటం మామూలే, పంటి ముక్క దొరికితే మాత్రం బేరం వదిలేయాలి.

తర్వాత బండి నడిపి చూడాలి. చదునైన ఖాళీ జాగాలో రెండు బ్రేకులూ బిగబట్టి, పై గేరులో క్లచ్చు మెల్లగా వదిలితే ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్చు ప్లేటు అరిగినట్టు. ప్రతి గేరులోనూ బరువు లాగిస్తూ ఒక్కసారిగా యాక్సిలరేటరు వదలాలి. గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారితే కాలరో ఫోర్కో అరిగిందన్నమాట. ఒక్క గేరులోనే వినిపించే మోత ఆ గేరుకు సంబంధించినది, అన్నిటిలోనూ వినిపిస్తే బేరింగులను అనుమానించాలి. హైడ్రాలిక్ లోపాలు చల్లటి నూనెలో బయటపడవు కాబట్టి కనీసం అరగంట పనిచేయించాక నాగలిని ఎత్తి, ఇంజను ఆపి చూడాలి. నాగలి త్వరగా కిందికి దిగిపోతుంటే లిఫ్టు సీళ్లో వాల్వులో లీకవుతున్నట్టు, ఆ మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించి అడగాలి.