పగడపు రాతిలోని ప్రోటీన్లను ఎలా కనుగొంటారు?

రాతి పగడం ఒక జీవి. అది సముద్రజలం నుండి కాల్షియాన్ని, కార్బన్‌ను గ్రహించి, అరగొనైట్ అనే సున్నపు స్ఫటికాలతో తన అస్థిపంజరాన్ని కట్టుకుంటుంది. ఆ స్ఫటికాల నడుమ అతి స్వల్పంగా చిక్కుకుని ఉండే ప్రోటీన్లు వాటి పెరుగుదలను నడిపించడంలో పాలుపంచుకుంటాయి కనుక, వాటిని వెలికితీయడం ముఖ్యమైన పని.

మొదట పైనున్న కణజాలాన్ని, అందులో నివసించే శైవలాలను బ్లీచింగ్ ద్రావణంతో తొలగించి, అస్థిపంజరాన్ని మెత్తగా నూరి, ఆ పొడిని మళ్లీ అదే ద్రావణంతో కడుగుతారు. లేకపోతే కణజాలపు ప్రోటీన్లను, పరిశోధకుల చర్మం నుండి రాలిన కెరటిన్‌ను సైతం అస్థిపంజరానివిగా పొరబడే ప్రమాదం ఉంటుంది. తరువాత ఎసిటిక్ ఆమ్లంలో సున్నాన్ని కరిగిస్తారు. బొబ్బిలి విద్యార్థి ఎవరైనా చింతపల్లి తీరంలో ఏరిన ఆల్చిప్పపై వెనిగర్ పోస్తే, కార్బన్ డయాక్సైడ్ సన్నని బుడగలుగా పొంగుతుంది. ప్రయోగశాలలో జరిగేదీ ఈ చర్యే.

మిగిలిన ప్రోటీన్లను ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి, ఆ ముక్కల ద్రవ్యరాశిని మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచి, పగడపు జన్యు సమాచారంతో పోలుస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది: ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల దగ్గర మాత్రమే గొలుసును కోస్తుంది, కానీ ఆస్పార్టిక్ ఆమ్లం మెండుగా ఉన్న ప్రోటీన్ భాగాలలో ఆ రెండూ అరుదు కనుక, స్ఫటిక నిర్మాణానికి కీలకమైనవే పరికరానికి అందకుండా పోవచ్చు. అయినా 2013లో స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే పగడపు అస్థిపంజరంలో 36 ప్రోటీన్లను గుర్తించడం మెచ్చదగిన విజయం.

మన దేశంలో మన్నార్ సింధుశాఖలోనూ అండమాన్, లక్షద్వీప్‌లలోనూ పెరిగే రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నందున, ఒక్క కొమ్మను సేకరించాలన్నా పరిశోధకులు ముందుగా అనుమతి పొందాలి.