డాబామీది విద్యుత్తు

విజయవాడకు తూర్పుదిక్కున సుమారు 20 కిలోమీటర్ల దూరములో, చెన్నై-కలకత్తా రహదారిపై గన్నవరము కలదు. విమానాశ్రయము వలన ఈ యూరిపేరు దూరదేశముల వారికిని తెలియును. వేసవిలో ఇచ్చటి డాబాలపై మధ్యాహ్నవేళ చెప్పులు లేక నడచుట దుస్సాధ్యము. పూర్వము ఆ యెండ వడియములకును, మిరపకాయలకును మాత్రమే ఉపయోగపడెడిది. నేడు ఆ డాబాలపైననే నల్లని గాజుపలకలు అమర్చి విద్యుత్తును తీయుచున్నారు. ఇది యెట్లు సాధ్యమగుచున్నది? తుపానులు తరచుగా వచ్చు ఈ సీమలో ఆ పలకలు నిలుచునా? రెండవ ప్రశ్నయే కఠినమైనది. కావున మొదటిదానిని త్వరగా ముగింతము.

కాంతి సోకినపుడు కొన్ని పదార్థములలో విద్యుత్తు జనించునని 1839లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకరెల్ కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికాన్‌తో సౌరఘటమును నిర్మించిరి. అది తనపై పడిన కాంతిలో నూటికి 6 పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగెను. నేటి పలకలు నూటికి 20 పాళ్లకు మించి మార్చుచున్నవి. పలకనుండి వచ్చునది ఏకముఖ ప్రవాహము. మన యిండ్లలోని పంకాలకును, మోటారులకును కావలసినది ఏకాంతర ప్రవాహము. ఈ మార్పును చేయు పెట్టెకు ఇన్వర్టరని పేరు.

ఒక కిలోవాటు పలకలు దినమునకు సుమారు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. మూడు కిలోవాట్లు ఒక మధ్యతరగతి కుటుంబమునకు సాధారణముగా సరిపోవును. పగలు మిగిలిన విద్యుత్తు వీధిలోని తీగలోనికి పోవును. రాత్రి కావలసినది ఆ తీగనుండియే వచ్చును. రాకపోకలు రెండింటిని ఒకే మీటరు లెక్కించును. 2024లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్ల యమరికకు 78,000 రూపాయల సహాయము నిర్ణయింపబడినది. ఇచ్చట ఒక వింత చెప్పవలెను. ఎండ యెంత మండిన అంత విద్యుత్తు వచ్చునని మనమనుకొందుము. కాని పలక వేడెక్కినకొలది దాని శక్తి తగ్గును. పలకకు కావలసినది వెలుగే కాని వేడిమి కాదు.

ఇక తుపాను మాట. గన్నవరమునకు సముద్రము ఏబది, అరువది కిలోమీటర్ల దూరముననే యున్నది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలమందిని పొట్టన బెట్టుకొనెను. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానులో గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచెను. విజయవాడలో కట్టడములు కట్టునపుడు లెక్కకు తీసికొనవలసినదిగా మన దేశపు ప్రమాణగ్రంథము నిర్ణయించిన గాలివేగము కూడ అంతియే. అనగా సెకనుకు 50 మీటర్లు. అట్టి గాలి ఒక చదరపు మీటరుపై చూపు ఒత్తిడి సుమారు 150 కిలోల బరువుతో సమానము. ఒక్కొక్క పలక వైశాల్యము రెండు చదరపు మీటర్లకు పైబడి యుండును. దాని బరువు సుమారు ముప్పది కిలోలు మాత్రమే. దానిని ఎగురవేయజూచు బలము మాత్రము మూడువందల కిలోలు! హోరుగాలిలో గొడుగు వెనుకకు తిరుగబడుట చూచినవారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు.

కావున పలకను మోయు చట్రమును కాంక్రీటు దిమ్మెలలో బిగింపవలెను. ఇటుకలు పేర్చి వాటిపై నిలుపుట ప్రమాదము. గన్నవరము అక్షాంశము పదునారున్నర డిగ్రీలు. కనుక పలకలను దక్షిణముఖముగా కొద్దిగా వాల్చిన చాలును. గాలికి తక్కువ పట్టు దొరకుట వలన ఈ స్వల్పమైన వాలు మనకు మేలే చేయుచున్నది. అయితే డాబాపై బట్టలారవేసికొనుటకు చోటు కావలెనని పలువురు చట్రమును నిలువెత్తుకు మించి కట్టించుకొందురు. ఎత్తు పెరిగినకొలది గాలిదెబ్బయు హెచ్చును. ఈ విషయమున గృహిణికిని ఇంజనీరునకును పొత్తు కుదురుట సులభము కాదు.

పలకలు నిలిచినంతమాత్రమున ఇంట దీపము వెలుగునా? తుపాను వెలిసిన మరునాడు ఎండ కాయుచుండును; పలకలు తళతళ మెరయుచుండును; ఇంటిలో పంకా మాత్రము తిరుగదు. యజమాని తాను మోసపోతినని తలచును. నిజమేమనగా, వీధితీగలో విద్యుత్తు ఆగినంతనే ఇన్వర్టరు తనంతట తానే పని మానును. తెగిన తీగను ముడివేయుటకు స్తంభమెక్కిన కార్మికుడు అది నిర్జీవమైనదని నమ్మి చేయివేయును. ఆ సమయమున ఏ యింటి డాబానుండియైనను విద్యుత్తు అందులో ప్రవహించినచో అతని ప్రాణము పోవును. ఇన్వర్టరు ఆగుట అతనిని కాపాడుటకే.

చీకటిరాత్రులకు దీపము కావలెనన్న, బ్యాటరీతో కూడినదియు, వీధితీగనుండి ఇంటిని విడదీయగలదియు నగు వేరొక తరహా ఇన్వర్టరు కావలెను. ఖర్చు హెచ్చగును. ఐదు యూనిట్లు నిలువచేయు బ్యాటరీ యున్నచో రెండు పంకాలు, నాలుగు దీపములు రాత్రియంతయు నడచును. ఉదయమున అరగంటసేపు మోటారు వేసి నీరు తోడుకొనుటకును మిగులును. ఇంట వృద్ధులో, పసిబిడ్డలో, రోగులో ఉన్నవారికి ఈ ఖర్చు దండుగ కాదని నా యభిప్రాయము. ఇతరులు తమ లెక్క తాము చూచుకొనవలెను.

వరదభయము వేరొకటి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమున క్రింది అంతస్తులను ముంచెను. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజివద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు పారెను. క్రిందిగోడకు బిగించిన ఇన్వర్టరులు ఇట్టి నీటిలో చెడును. కాబట్టి వానిని మెట్లగదిలో, మేడపై నుంచుట మంచిది. పగటివేళ పలకలను ఆర్పుటకు మీట లేదు. వెలుగు పడినంతసేపు వాటి తీగలలో విద్యుత్తు ఉండియే తీరును. వరద తీసిన పిదప తడిసిన ఆ తీగలను ఎవ్వరును తాకరాదు. పనివాడు వచ్చి పరీక్షించి సరియేయని చెప్పిన తరువాతనే డాబాపైకి పోయి, గాలికి వచ్చి పడిన కొబ్బరిమట్టలను తొలగించి, పలకలపై బురదను కడుగవచ్చును.