రాజ్యం నడిపిన నూట ఇరవై పంక్తులు

రాజ్యంలో ప్రజలు నూరుగురు. భూమి వెయ్యి ఎకరాలు. గాదెలో ధాన్యం 2,800 బుషెళ్ళు. నిరుడు ఎలుకలు తిన్నది మరొక 200. ఏలుబడి గడువు పదేళ్ళు. మంత్రి ఈ లెక్క అప్పజెప్పి, భూమి ఎంత కొంటారు, ఎంత అమ్ముతారు, ప్రజల తిండికి ఎంత ఇస్తారు, ఎన్ని ఎకరాలలో విత్తనం చల్లిస్తారు అని ప్రభువును అడుగుతాడు. బొమ్మ లేదు, రంగు లేదు, చప్పుడు లేదు. తెర మీద అక్షరాలు, అంకెలు, అంతే.

1970ల చివర అమెరికాలో ఇళ్ళలోకి అడుగుపెట్టిన కంప్యూటర్ల మీద పిల్లలూ పెద్దలూ ఆడిన ‘హమురాబి’ ఆట ఇది. లోకంలోని ఒక వ్యవహారాన్ని సూత్రాలలోకి దించి, దానిని నడిపే అధికారాన్ని ఆటగాని చేతికిచ్చే ఇటువంటి ఆటలను సిమ్యులేషన్ క్రీడలంటారు. 1969లో అపోలో వ్యోమగాములు చంద్రుని మీద దిగిన కొద్ది నెలలకే, జిమ్ స్టోరర్ అనే హైస్కూలు విద్యార్థి ఆ అవతరణనే ఆటగా వ్రాశాడు. హమురాబి వంశవృక్షం అంతకంటె పాతది. అది పుట్టినది ఇంట్లో కాదు, బడిలో.

1960ల ఆరంభంలో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌చెస్టర్ ప్రాంతపు విద్యామండలి, ఐ.బి.ఎం. సంస్థ కలిసి, కంప్యూటర్ చేత పాఠం చెప్పించవచ్చునా అన్న పరిశోధనకు పూనుకున్నాయి. పాఠం రచించే పని కటోనా అనే ఊరిలో నాలుగవ తరగతి బోధించే మేబెల్ అడిస్ అనే ఉపాధ్యాయిని చేపట్టారు. ప్రాచీన సుమేరు దేశంలోని లగాష్ నగరాన్ని ఆమె రంగస్థలంగా ఎన్నుకున్నారు. విలియం మెకే దానికి ప్రోగ్రాం వ్రాశారు. 1964లో ఆరవ తరగతి పిల్లలు టెలిటైప్ యంత్రాల ముందు కూర్చుని తొలిసారి రాజ్యమేలారు.

ఆ ఆట ఊసు విని, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే డగ్ డైమెంట్ 1968లో చిన్న కంప్యూటర్ మీద నడిచేటట్లు దానిని సంక్షిప్తంగా వ్రాశారు. అదే సంస్థకు చెందిన డేవిడ్ ఆల్ దానిని బేసిక్ భాషలోకి మార్చి, పదేళ్ళ పాలన చివర వినిపించే తీర్పును చేర్చి, 1973లో తన పుస్తకంలో ప్రచురించారు. బాబిలోను రాజు హమ్మురాబికి, పిల్లలు ఏలిన ఆ సుమేరుకు మధ్య వెయ్యేళ్ళకు పైగా ఎడమున్నది. పైగా ఆయన పేరులో ‘మ’ వత్తు రాలిపోయింది. ఆటకు అవేమీ అడ్డు కాలేదు.

ఇక రాజుగారి కష్టాలు చూడండి. మనిషికి ఏడాదికి ఇరవై బుషెళ్ళ తిండి కావాలి. (గోధుమలైతే బుషెల్ అంటే సుమారు 27 కిలోలు.) రెండెకరాలకు ఒక బుషెల్ విత్తనం పడుతుంది. ఒక మనిషి పదెకరాలకు మించి సాగు చేయలేడు. నూరుగురికీ కడుపునిండా పెడితే 2,000 బుషెళ్ళు, వెయ్యి ఎకరాలూ విత్తితే 500. గాదెలో మిగిలేది 300. పంట మాత్రం ఎకరానికి ఒక బుషెల్ నుంచి అయిదు వరకు, పాచిక పడినట్లు పడుతుంది. అయిదు పండితే రాజుకు నిశ్చింత. ఒక్కటే పండితే, మిగులుతో కలిపి 1,300. మరుసటి ఏడు విత్తనానికి ఒక్క గింజ తీయకపోయినా అది 65 మందికే చాలుతుంది. అదైనా ఎలుకలు పడకుంటేనే. అవి పడిన ఏడు గాదెలోని నిలువలో సగమో, నాలుగవ వంతో మాయం. మన గాదె కింది పందికొక్కు సుమేరును కూడా వదిలిపెట్టలేదన్నమాట! ఇవి చాలవన్నట్లు మహమ్మారి. ఏ ఏటనైనా అది రావడానికి నూటికి పదిహేను పాళ్ళు అవకాశం; వస్తే సగం జనం పోతారు.

భూమి ధర ఏటేటా 17 మొదలు 26 బుషెళ్ళ మధ్య మారుతుంది. రాజు ఎంత కొన్నా, ఎంత అమ్మినా ఆ ధర చలించదు. కాబట్టి చవకగా కొని ప్రియంగా అమ్మే రాజుకు, నాగలిని నమ్ముకున్న రాజుకంటె సుఖంగా గడిచిపోతుంది. పిల్లలకు భూవ్యాపారం నేర్పాలని ఎవరూ సంకల్పించి ఉండరు. సూత్రాలలో అది దానంతట అదే వచ్చి కూర్చున్నది.

అన్నిటికంటె మనసును నిలదీసే సూత్రం మరొకటి. ఒకే ఏడాదిలో ప్రజలలో నూటికి 45 మందికి మించి ఆకలితో మరణిస్తే రాజును గద్దె దింపుతారు. అనగా నూరుగురిలో 45 మంది పోయినా, మంత్రి మరుసటి ఏటి లెక్కతో వినయంగా వచ్చి నిలబడతాడు. నలభై ఆరవ మరణం దగ్గర సింహాసనం కూలుతుంది! పదేళ్ళ తరువాత చెప్పే తీర్పు కొంత కఠినం. ఆకలిచావులు సగటున ఏటా నూటికి పది దాటితే రాజును నీరోతోను, రష్యా చక్రవర్తి నాలుగవ ఇవాన్‌తోను పోలుస్తుంది. కరవులెరిగిన దేశపు పాఠకునికి ఆ 45 దగ్గర చూపు ఆగక తప్పదు. ఆ హద్దు గీసినది ప్రకృతి కాదు, ప్రజలు కాదు. ప్రోగ్రాం వ్రాసిన మనిషి.

అయితే ఆనాటి ఆటగానికి ఆ హద్దు దాపరికం కాదు. ఆపిల్ 2, టి.ఆర్.ఎస్. 80 వంటి ఇంటి కంప్యూటర్లు 1977లో వచ్చాయి. మరుసటి ఏడు కొత్త ముద్రణ పొందిన ఆల్ పుస్తకం పది లక్షల ప్రతులు అమ్ముడుపోయిన మొదటి కంప్యూటర్ గ్రంథమైంది. అందులోని సుమారు 120 పంక్తులను చూసి, ఒక్కొక్క మీట నొక్కుతూ, ఆటను ఎవరికి వారే యంత్రంలోకి ఎక్కించుకోవాలి. ఒక్క కామా జారినా ఆట నిలిచిపోవచ్చును. తప్పు పట్టుకోవడానికి ప్రతి పంక్తినీ మళ్ళీ చదవాలి. ఆ చదువులో 0.45 అన్న అంకె కంటబడుతుంది. దానిని 0.05గా దిద్దడానికి నిమిషం పట్టదు. అప్పుడు అదే రాజ్యంలో ఆరవ ఆకలిచావుకే రాజు ఇంటికి పోతాడు.

1989లో విల్ రైట్ అనే అమెరికన్ ‘సిమ్‌సిటీ’ని వెలువరించేనాటికి కథ మారింది. రోడ్లు, విద్యుత్తు, పన్నులు, కర్మాగారాలతో తెర మీద ఒక నగరమే కదలాడింది. ఈ రచనకు రైట్ అధ్యయనం చేసినవాటిలో, ఎం.ఐ.టి. ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో నగరాల పెరుగుదలను, క్షీణతను కంప్యూటర్ నమూనాతో వివరించిన గ్రంథం ఒకటి. పేదలకు చౌక ఇళ్ళు కట్టించడం నగరానికి మేలు చేయకపోగా కీడే చేస్తుందన్నది ఫారెస్టర్ తేల్చిన విషయాలలో ఒకటి. దానిపై పెద్ద వివాదమే చెలరేగింది. సిమ్‌సిటీ అంతకంటె సరళమైన ఆటే. కాని అందులో పన్ను పెంచితే జనం ఎందుకు తరలిపోతారో, ఎంత పెంచితే పోతారో తెలిపే పంక్తులు కొన్నవాని కంటికి కనబడవు. అతడు నగరాన్ని చూస్తాడు. నగరం గురించి ఒకరికి గల అభిప్రాయాన్ని చూడలేడు. ఆ పంక్తులు ‘మైక్రోపోలిస్’ అన్న పేరుతో అందరికీ బయటపడినది 2008లో, పందొమ్మిదేళ్ళ తరువాత.

1978 నాటి ఆల్ పుస్తకంలో మేబెల్ అడిస్ పేరు లేదు. ఆమె 2004లో మరణించారు. ఆమె పిల్లలచేత ఆడించిన అసలు ప్రోగ్రాం నేడు లభ్యం కాదు. వారు ఆడుతున్నప్పుడు టెలిటైప్ అచ్చు కొట్టిన కాగితాలు కొన్ని మాత్రం మిగిలాయి.