మీకు తెలుసా? నల్ల బెల్టు తొలి మెట్టే!

జూడోలో నల్ల బెల్టు తొలి శ్రేణిని జపాన్‌లో ‘షోదాన్’ అంటారు. ఆ మాటకు అర్థమే తొలి మెట్టు. మరి చివరి మెట్టు? 1935లో జూడో సాధన మొదలుపెట్టిన కీకో ఫుకుదాకు పదో దాన్, అంటే పదో శ్రేణి, దక్కింది 2011లో, 98 ఏళ్ల వయసులో. ఆమెకు పేరు తెచ్చింది బరిలో గెలుపులు కావు. ‘జూ నో కాటా’. అందులో ఓడించడం ఉండదు, ఇద్దరు కలిసి ప్రతి కదలికనూ తప్పు లేకుండా నడపడమే. అంటే పెద్ద శ్రేణి కొలిచేది బలాన్ని కాదు, వదలని సాధననూ దాన్ని మరొకరికి అందించడాన్నీ.

ఈ కొలతతోనే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజును చూడాలి. గుస్సాడీ నాట్యం కదా, యుద్ధవిద్యతో పోలికేమిటని అడగవచ్చు. ప్రత్యర్థి లేడు, బెల్టులూ లేవు, నిజమే. కానీ బరువైన నెమలి ఈకల కిరీటం తలపై నిలుపుతూ, డప్పు దెబ్బకు అడుగు తప్పకుండా, దీపావళి వేళ జరిగే దండారీ పండుగ రోజుల్లో స్నానం కూడా మానే కఠిన నియమంతో ఆడటానికి కావలసింది అదే నిగ్రహం. 1980ల తొలినాళ్లలోనే ఢిల్లీలో ఆడిన ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది 2021లో. ఆ నడుమ నాలుగు దశాబ్దాలు ఆయన ఆడుతూనే, ఊరి యువకులకు నేర్పుతూనే ఉన్నారు. 2024 అక్టోబరులో, దీపావళికి కొద్ది రోజుల ముందు, కనకరాజు కన్నుమూశారు.