మానని వెంట్రుక కురుపులు – నా మెడ నేర్పిన పాఠం

ఇరవై ఏళ్ళకు పైగా వైద్యవృత్తిలో ఉండి ఎందరి కురుపులకో మందు చెప్పిన నేను, నా మెడ మీది కురుపుల విషయంలో నాలుగు మాసాలు పొరబడ్డాను. పాఠకులలో ఎవరికీ ఆ పొరపాటు జరగకూడదనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

క్షౌరం చేయించుకున్న మూడవ నాడు, మెడ వెనుక జుట్టు అంచున నాలుగైదు ఎర్రని పొక్కులు లేచాయి. ప్రతి పొక్కు నడుమ ఒక వెంట్రుక, దాని మొదట ఆవగింజంత చీము. వేపాకు, పసుపు నూరి పట్టించాను. వారంలో తగ్గాయి. పది రోజులకు మళ్ళీ వచ్చాయి. మళ్ళీ పట్టించాను. తగ్గడం, రావడం అలవాటైపోయింది గాని, ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్న నాకు తోచలేదు.

వ్యాధి స్వరూపం

చర్మంలో ప్రతి వెంట్రుకా ఒక చిన్న గుంట నుండి మొలుస్తుంది. దానినే రోమకూపం అంటారు. అది వాచి ఎర్రబడటమే ఈ వ్యాధి. కారణాలు అనేకం. స్టాఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి చాలామంది చర్మంపైన, ముక్కులోను హాని చేయకుండా ఉంటుంది. మొద్దుబారిన బ్లేడు గీతల ద్వారా, బిగుతు దుస్తుల ఒరిపిడి ద్వారా లోనికి చేరితే చీము పడుతుంది. ఉంగరాల జుట్టు గలవారిలో గీసిన వెంట్రుక వంగి తిరిగి చర్మంలోకే గుచ్చుకొని వాపు తెస్తుంది. వీపు, రొమ్ముపై ఒకే పరిమాణంలో లేచి బాగా దురద పెట్టే పొక్కులకు తరచుగా ఒక రకం శిలీంధ్రం కారణం. దీనికి చీము మందులు వాడితే తగ్గకపోగా హెచ్చవచ్చు. నూనె మర్దన కూడా దానికి ఆహారం పెట్టినట్లే.

గృహచికిత్స

వ్యాధి స్వల్పంగా ఉన్నప్పుడు ఇంటి వైద్యం చాలును.

1. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, పొక్కులపై 10 నుండి 15 నిమిషాలు కాపడం పెట్టాలి. రోజుకు మూడు నాలుగు సార్లు చేయవచ్చును. ఆ గుడ్డను వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి.

2. గుప్పెడు వేపాకును లీటరు నీటిలో సగం మిగిలే వరకు మరిగించి, వడగట్టి, చల్లార్చి ఆ నీటితో కడగాలి. రెండు చెంచాల త్రిఫల చూర్ణాన్ని అర లీటరు నీటిలో కాచి వడగట్టిన కషాయమైనా సరే. ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, ఒక రోజు చూడాలి. దద్దురు వస్తే వాడరాదు. ఇవి చర్మాన్ని శుభ్రపరచడానికి తోడ్పడతాయి గాని, లోతైన కురుపును మాన్పవు.

3. పొక్కులు పూర్తిగా తగ్గేవరకు ఆ చోట క్షౌరం మానాలి. తరువాత కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన దిశలోనే గీయాలి. తువ్వాలు, దువ్వెన ఎవరివి వారికే ఉండాలి. చెమట పట్టిన వెంటనే స్నానం చేసి వదులైన నూలు బట్టలు ధరించాలి.

చేయరానివి

పొక్కులను గిల్లరాదు, ముఖ్యంగా ముక్కు చుట్టూ, పై పెదవి పైన. వెల్లుల్లి, నిమ్మరసం నేరుగా పూస్తే చర్మం కాలుతుంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన పూతలు ఎరుపును రెండు రోజులు అణచి, రోగాన్ని లోపల పెంచుతాయి.

నా పొరపాటు

నాలుగవ మాసంలో ఒక పొక్కు సెగ్గడ్డగా మారి, మెడ తిప్పలేని నొప్పి కలిగింది. చర్మవ్యాధి నిపుణుని వద్దకు వెళ్ళాను. ఆయన కురుపు చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, "షుగరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" నేను తల దించుకున్నాను. పరగడుపున రక్తంలో చక్కెర 126 దాటితే మధుమేహాన్ని అనుమానించి పరీక్షను మరల చేయాలి. నాకు 190 పైన ఉంది. రెండవ పరీక్షా అదే చెప్పింది.

చరకసంహిత సూత్రస్థానంలో ప్రమేహాన్ని ఉపేక్షిస్తే పుట్టే ఏడు విధాల పిడకలు చెప్పబడ్డాయి. వానిలో 'సర్షపి' ఆవగింజ పరిమాణం గలది. విద్యార్థిగా అది కంఠస్థం చేసినవాణ్ణి, నా మెడ మీది ఆవగింజలను చూసి గుర్తుపట్టలేకపోయాను. చీమును పరీక్షకు పంపి, దానికి తగిన మందు వ్రాశారు. చక్కెర అదుపులోకి వచ్చాక కురుపులు మళ్ళీ లేవలేదు.

వైద్యుని ఎప్పుడు చూడాలి?

రెండు వారాలలో తగ్గకున్నా, మాటిమాటికి తిరిగి వస్తున్నా, జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, గడ్డ కట్టి సలపరించినా, మానిన చోట జుట్టు రాలి మచ్చ గట్టిపడుతున్నా ఆలస్యం చేయరాదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు మొదటనే చూపించుకోవాలి. వైద్యుడు కారణాన్ని బట్టి పైపూతలు, నోటి మందులు, శిలీంధ్రానికి వేరు మందు ఇస్తాడు. మొదలుపెట్టిన మందును చెప్పినన్ని రోజులు వాడాలి.

వేపాకు మన పెరటి చెట్టే, దానిని నమ్మడంలో తప్పులేదు. కాని తిరిగి తిరిగి వచ్చే కురుపు శరీరం పంపే కబురు. దానిపై పసుపు పూసే ముందు, అది ఏమి చెబుతున్నదో వినండి.