వెలుగునిచ్చే రాయిని పెంచుడంటే పిల్లను సాదినట్టే

కంట్ల శుక్లాల ఆపరేషన్ అయినంక కొందరికి ఏడాదికో రెండేండ్లకో మల్ల మసకలొస్తయి. లెన్సు ఎనుక సన్నని పొర కమ్ముకుంటది. డాక్టర్ లేజర్ పెట్టి నిమిషాలల్ల ఆ పొరకు దారి కొడతడు. కోత లేదు, కుట్టు లేదు. దాన్నే ‘యాగ్ లేజర్’ అంటరు. పేరు అందరికీ ఎరుకే. కానీ గా వెలుగు పుట్టేది ఒక రాయిల నుంచి అని, ఆ రాయిని మనిషే పెంచుతడని ఎంతమందికి ఎరుక?

యాగ్ అంటే యిట్రియం, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్ స్ఫటికం. ఉత్తగ ఉంటే దానికి రంగు లేదు, లేజర్ వెలుగూ రాదు. అందుల నూటికి ఒక పాలు నియోడిమియం కలిపితేనే పనికొస్తది. దీపం వెలుగును నియోడిమియం మింగి, 1064 నానోమీటర్ల కిరణంగ బయటికిడుస్తది. అది మన కంటికి కనవడది. 1964ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల ఈ లేజర్ మొదటిసారి వెలిగింది.

మరి పెంచుడెట్ల? పాకంల దారం వేలాడదీస్తే పటిక బెల్లం కడుతది కదా, కొంచెం అసువంటిదే. కానీ పటిక బెల్లంల వంద పలుకులుంటయి. ఈడ మాత్రం మొత్తం ఒక్కటే పలుకు కావాలె. 1916ల పోలండ్ శాస్త్రవేత్త యాన్ చొక్రాల్‌స్కీ చూపెట్టిన దారి ఇది. ఇరిడియం గిన్నెల పొడిని 1970 డిగ్రీల దాకా కరగదీస్తరు. చిన్న విత్తన స్ఫటికాన్ని పైనుంచి ముట్టిచ్చి, తిప్పుకుంట మెల్లగ పైకి గుంజుతరు.

తిప్పలంతా ఆ ‘మెల్లగ’ల ఉన్నది. నియోడిమియం అణువు యిట్రియం కన్నా పెద్దది, స్ఫటికంల సులువుగ ఇమడది. ద్రవంల ఉన్నదాంట్ల అయిదో వంతు మాత్రమే లోపటికి పోతది. మిగిలింది గిన్నెల్నే పేరుకుంటది. తొందరపడి గుంజితే లోపల బుడగలు, చారలు, పగుళ్లు. గంటకు అర మిల్లీమీటర్ లెక్కన పది సెంటీమీటర్లు పెరగాలంటే 200 గంటలు, అంటే ఎనిమిది దినాల మీదనే. నడుమ కరెంటు పోయి వేడి ఒక్కసారి పడిపోతే కష్టమంతా బూడిదల పోసినట్టే.

మన దేశంల ఈ విద్య లేదని కాదు. సీరియం కలిపిన గార్నెట్ స్ఫటికాలను ముంబై బార్క్‌ల ఇదే పద్ధతిల పెంచిండ్రు. గామా కిరణం తాకితే అవి మిణుక్కుమంటయి.

లేజర్ మిషన్ కొంటే రిబ్బన్ కత్తిరిస్తరు, ఫొటోలు దిగుతరు. పొయ్యి కాడ రాత్రుళ్లు కాపలా కాసేటోళ్లను ఎవలూ అడగరు. ఈ పనికి కావాల్సింది ఆగని కరెంటు, ఏండ్లకేండ్లు ఆగని పైసలు, పగిలిన స్ఫటికాన్ని చూసి కూడా కసురుకోని ఓపిక. మూడు నెలలల్ల ఫలితం చూపెట్టుమంటే రాయి పెరగది. విత్తు పెట్టినోడే కాదు, పంట అడిగేటోడు కూడా కాలం కోసం ఆగాలె.