హోగన్ మణికట్టు

గోల్ఫ్ క్లబ్‌లో కదిలే భాగం ఒక్కటీ లేదు. ఒక కర్ర, దాని కొసన లోహపు తల, ఆ తలకో చదునైన ముఖం, అంతే. కీళ్లన్నీ పట్టుకున్న మనిషివే. టీవీలో పోటీ చూసొచ్చిన ఒక కుర్రాడు క్లాసులో అడిగాడు: "సార్, క్లబ్ భుజం మీదికి ఎత్తినప్పుడు ఎడమ మణికట్టు కాస్త వంగితే ఏమవుతుంది? బంతి కింద నేల మీదే ఉంది కదా!" జవాబు దొరకాలంటే వంటింట్లోంచి అట్లకాడ తెచ్చుకోవాలి.

ఎడమ చేయి ముందుకు చాచండి. బొటనవేలు పైకి ఉండేలా పిడికిట్లో అట్లకాడను నిటారుగా పట్టుకోండి. కాడ ముంజేతికి లంబంగా ఉంది. ఇప్పుడు మణికట్టును ఒకసారి అరచేతి వైపు, ఒకసారి వెనక వైపు వంచండి. కాడ నిటారుగానే ఉంటుంది, రేకు మాత్రం అటూ ఇటూ ముఖం తిప్పుతుంది. తర్వాత కాడను ముందుకు వాల్చి, ముంజేతితో ఒకే గీతలోకి తెచ్చి, మణికట్టును మళ్లీ అలాగే వంచండి. ఈసారి కాడ మొత్తం పక్కకు పోతుంది. రేకును తన చుట్టూ తాను తిప్పాలంటే ముంజేతిని మెలితిప్పక తప్పదు.

చేయీ క్లబ్బూ కలిసిన ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. మణికట్టు ముందుకీ వెనక్కీ వంగే అక్షం బొటనవేలి వైపు నుంచి చిటికెన వేలి వైపుకు అడ్డంగా ఉంటుంది. కర్ర ఆ అక్షానికి సమాంతరంగా ఉంటే, వంపంతా నేరుగా క్లబ్ ముఖానికి చేరిపోతుంది. క్లబ్‌ను వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్ పై కొసన జరిగేది అదే, అక్కడ కర్రకీ ముంజేతికీ మధ్య ఇంచుమించు లంబకోణం ఉంటుంది. కుడిచేతి వాటం ఆటగాడి ఎడమ మణికట్టు అరచేతి వైపు వంగితే ముఖం ఆకాశం వైపు మళ్లుతుంది, దీన్ని మూసుకోవడం అంటారు. అలాగే కిందికి దిగితే బంతి ఎడమకు పోతుంది. చేతి వెనక వైపు వంగితే ముఖం తెరుచుకుంటుంది, బంతి కుడికి పోతుంది. బంతిని తాకే వేళకు కర్ర ముంజేతికి దాదాపు సూటిగా వచ్చేస్తుంది కాబట్టి అక్కడ పెత్తనం ముంజేతి మెలికది.

పైన జరిగిన తప్పును కిందికి వచ్చేలోగా దిద్దుకోవచ్చు కదా అంటారా? కిందికి దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. ముఖం బంతిని తాకి ఉండేది అర మిల్లీసెకను. ఆ క్షణాన బంతి బయలుదేరే దిశ 1 డిగ్రీ తప్పితే, 230 మీటర్ల దూరానికి తేడా 4 మీటర్లవుతుంది. స్పిన్ వల్ల గాలిలో తిరిగే వంపు దీనికి అదనం. బంతి మొదట క్లబ్ ఊగిన దారినే పోతుందని చాలాకాలం పాఠాలు చెప్పారు. ముఖం ఎటు చూస్తుందన్నదే అందులో పెద్ద వాటా అని రాడార్ కొలతలు నలుగురికీ తెలియజెప్పాయి.

టెక్సస్ ఆటగాడు బెన్ హోగన్‌కి రాడార్ లేదు. ఉన్నదల్లా ఒక జబ్బు: కొట్టిన బంతి విపరీతంగా ఎడమకు తిరిగిపోయే హుక్. ఆయన కనిపెట్టిన విరుగుడు 1955 ఆగస్టు 8 నాటి 'లైఫ్' పత్రికలో 'రహస్యం'గా అచ్చయింది. ఎడమ చేతి పట్టును కాస్త జరిపి బొటనవేలిని కర్ర మీదికి తేవడం, ఎత్తేటప్పుడు ముంజేతిని తిప్పి ముఖం తెరవడం, పై కొసన ఎడమ మణికట్టును చిటికెడు వెనక్కి వంచడం. రహస్యమంతా ఇంతే! ముఖం అంత తెరిచి ఉంటే ఎంత బలంగా తిప్పినా అది అతిగా మూసుకోదు. 1949లో బస్సు ఢీకొని చావు తప్పించుకున్న మనిషి, 1953లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ అనే మూడు పెద్ద పోటీలూ గెలిచాడు.

ఈ కాలపు ఆటగాడు డస్టిన్ జాన్సన్‌ది దీనికి పూర్తి విరుద్ధం. పై కొసన ఆయన ఎడమ మణికట్టు అరచేతి వైపు ఎంతగా వంగుతుందంటే, పాతకాలపు కోచ్ చూస్తే గుండె ఆగుతుంది. అలా వంగినా 2020 మాస్టర్స్‌ను 268 స్ట్రోకులతో గెలిచాడు. ముఖం ముందే మూసి ఉంది కాబట్టి ఆయన ముంజేతిని పెద్దగా తిప్పడు, నడుమునీ ఛాతీనీ వేగంగా లక్ష్యం వైపు తిప్పి ముఖాన్ని అదుపులో పెడతాడు. ఇద్దరి లెక్కా సరైనదే. ఒకరి మణికట్టుకి మరొకరి నడుము తగిలిస్తేనే ప్రమాదం.

ఇక కర్ర కథ త్వరగా చెప్పేయొచ్చు. ఒకప్పటి హికరీ చెక్క కర్రలు ఊపులో మెలి తిరిగేవి, ఆటగాడు ఆ మెలికనూ లెక్కలో వేసుకోవలసి వచ్చేది. 1924లో అమెరికాలో, 1929లో బ్రిటన్‌లో ఉక్కు కర్రలకు అనుమతి వచ్చింది. ఆ తర్వాత గ్రాఫైట్, టైటానియం వచ్చాయి. ఇప్పుడు మణికట్టు ఎన్ని డిగ్రీలు వంగిందో చెప్పే సెన్సార్లూ దొరుకుతున్నాయి.

కొత్తగా ఆడేవాళ్లలో ఎక్కువమంది బాధ హుక్ కాదు, బంతి కుడికి తిరిగిపోయే స్లైస్. వాళ్ల క్లబ్ ముఖం ముందే తెరిచి ఉంటుంది. హోగన్ రహస్యం వాళ్ల జబ్బును ఇంకా పెంచుతుంది. మీ బంతి కుడికి పోతుంటే ముందు మీ పట్టును కోచ్‌కి చూపించుకోండి, ఆ తర్వాత పై కొసన ఎడమ మణికట్టు వెనక్కి వంగకుండా చదునుగా ఉందో లేదో చూసుకోండి.